లెక్కలో లేని ఊరు - లెక్క చెప్పాల్సింది ఎవరు?

ఫారెస్టు ఆఫీసుకి పోతే అది ఊరు కాదు, ఆక్రమణ అంటారు. రెవెన్యూ ఆఫీసుకి పోతే సర్వే నంబరు లేదు కాబట్టి ఊరే లేదంటారు. బడి అడిగితే పిల్లలు చాలరంటారు. కరెంటు అడిగితే అటవీ అనుమతి రావాలంటారు. రోడ్డు అడిగితే నలభై గడపల కోసం అంత ఖర్చా అని నవ్వుతారు. ఓట్ల రోజున మాత్రం ఆ ఊరికి లిస్టుంటుంది, ఆ జనానికి పేర్లుంటాయి, వాళ్లను కిందికి దించడానికి ట్రాక్టరు కూడా దొరుకుతుంది. పోలింగు అయిపోయిన తెల్లారి ఊరు మళ్లీ మాయమైపోతుంది.

ఇదేం మాయ? ఎవరు చేస్తున్న మాయ? ఈ సంగతి తేల్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

నేను చెప్పేది ఖమ్మం మైదానం అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే హద్దులో గట్ల మీదుండే కొండరెడ్ల ఊళ్ల గురించి. దమ్మపేట మండలంలో పూసుకుంట, అశ్వారావుపేట మండలంలో గోగులపూడి, గోదావరి ఒడ్డున పేరంటాలపల్లి... ఇవి పేరు బయటికొచ్చిన ఊళ్లు. పేరు బయటికి రానివి ఇంకా ఉన్నాయి. నేను ఎక్కువగా తిరిగిన ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆ ఊరికి ముందు చేరేది అంబులెన్సు కాదని ఈ పత్రిక చదివే వాళ్లందరికీ తెలుసు.

ముందు ఒక మాట. 'రెడ్లు' అనగానే మనవాళ్లలో కొందరు మొహం చిట్లిస్తారు. అయ్యా, ఆ రెడ్లు వేరు, ఈ రెడ్లు వేరు. వీళ్లు షెడ్యూల్డు తెగ. అందులోనూ మరీ వెనకబడిన తెగ అని ప్రభుత్వమే 1970లలో గుర్తించింది. అప్పుడు 'ఆదిమ తెగ' అన్నారు. 2006 నుంచి 'ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహం' అంటున్నారు. పేరు పొడుగైంది, అంబలి పలచనైంది. మన పల్లెలో పెత్తనం చేసే రెడ్డికీ, గట్టు మీద వెదురు చీల్చే కొండరెడ్డికీ ఒక్క అక్షరం తప్ప పొత్తు లేదు.

ఆ ఊళ్లు 'మారుమూల' అని పేపర్లోళ్లు రాస్తారు. మారుమూల అంటే ఎవరికి మూల? వాళ్లకు కాదు. వాళ్ల ఊరు వాళ్లకు నట్టనడుమే ఉంది. పట్నపోడికి అవసరం పడినప్పుడల్లా ఆ కొండ దగ్గరైంది. ఇవ్వాల్సి వచ్చినప్పుడల్లా దూరమైంది. చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది.

1874లో భద్రాచలం తాలూకాని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. కలిపేటప్పుడు కొండ మీదోణ్ణి అడిగినోడు లేడు. ఆ వెంటనే పోడు మీద ఆంక్షలు, కల్లు మీద పన్ను, ముఠాదార్ల గుంజుడు. 1879లో రంప తిరుగుబాటు లేస్తే ఇటు రేకపల్లి దాకా మంట అంటుకుంది. ఎందుకు అంటుకుంది? చెట్టు తనది, కల్లు తనది, పన్ను మాత్రం వేరేవాడిదని అర్థమైంది కాబట్టి. అంటే నూట యాభై ఏళ్ల కిందటే పన్ను వసూలు చేసేటోడికి ఆ కొండకు దారి తెలుసు. ఈరోజు నర్సమ్మకు మాత్రం దారి లేదంట!

గోదావరికి ఈ ఒడ్డున నైజాం, ఆ ఒడ్డున ఇంగ్లీషోడు. రెండు ఒడ్లనా అదే జనం. రెండు ఒడ్లనా కలప వర్తకులు అప్పుల్లో ముంచి, వాళ్లతోనే చెట్లు కొట్టించి, గోదాట్లో తెప్పలు కట్టించి రాజమండ్రికి తోలారు. వియన్నా నుంచి వచ్చిన హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఈ పాపికొండల్లో ఉండి, కొండరెడ్ల మీద 1945లో ఒక పెద్ద పుస్తకమే వేశాడు. వర్తకుల దోపిడీ గురించి అందులో రాశాడు. అంటే ఎనభై ఏళ్ల కిందటే ఎక్కడో దేశం కాని దేశపోడికి ఈ జనం కనపడ్డారు. మన తాసీల్దారుకి ఇప్పటికీ కనపడటం లేదు. తెలియకపోవడం కాదిది. తెలుసుకుంటే పని చెయ్యాల్సి వస్తుందన్న భయం.

తర్వాత కాగితం మిల్లులొచ్చాయి. అటు రాజమండ్రి మిల్లు, ఇటు 1979 నుంచి సారపాక మిల్లు. అడవి వెదురు లారీల మీద, తెప్పల మీద దిగింది. వెదురు మిల్లుకి పోతే అది పరిశ్రమ. అదే వెదురుతో కొండరెడ్డి బుట్ట అల్లి సంతకు తెస్తే చెక్‌పోస్టు దగ్గర నేరం. వెదురు చెట్టు కాదు, అది చిన్న అటవీ ఉత్పత్తి, దాని మీద హక్కు అడవిలో ఉండేవాళ్లదే అని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పాల్సి వచ్చింది. ఆ కొండ వెదురుతో కాగితం చేసుకున్న ఈ దేశం, ఆ కాగితం మీద ఆ ఊరి పేరు రాయడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు.

జిల్లాల కథ ఇంకొకటి. 1959లో భద్రాచలం తాలూకాని తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మార్చారు. 2014లో పోలవరం కోసం కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు. గుడి ఉన్న పట్టణాన్ని మాత్రం ఇటే ఉంచుకున్నారు. 2016లో ఇవతల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. 2022లో అవతలి వాటిని అల్లూరి జిల్లాకి కొన్ని, ఏలూరు జిల్లాకి కొన్ని పంచారు. కొండ అంగుళం కదల్లేదు. ఆఫీసులే కదిలాయి. కదిలినప్పుడల్లా ఈ జనం దరఖాస్తులు పాత ఆఫీసులో పోయాయి, కొత్త ఆఫీసులో దొరకలేదు. రాముడి గుడి ఏ రాష్ట్రానిదో తేల్చుకోవడానికి రెండు పక్కలా లీడర్లు గొంతు చించుకున్నారు. గట్టు మీది మనిషి ఎవరి మనిషో అడిగిన లీడరుని నేను చూడలేదు.

పోలవరం కింద 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు లేచిపోవాలి. అందులో ఎక్కువమంది ఆదివాసులు. ఇక్కడ ఇంకో తిరకాసుంది. కింది ఊరు మునిగితే ముంపు లిస్టులో ఉంటుంది. పైన గట్టు మీద ఊరు మునగదు కాబట్టి లిస్టులో ఉండదు. కానీ గట్టోళ్లు దిగే దారి మునిగింది, వాళ్ల సంత మునిగింది, రేషన్ డిపో ఉన్న ఊరు లేచిపోయింది. ఇక పైన వాళ్లు ఏం తినాలి? ఎటు దిగాలి? ఇళ్లు మునగలేదు కదా అంటాడు ఇంజనీరు. బతుకు మునిగినా ఇల్లు మునగకపోతే పరిహారం లేదు. ఇదీ లెక్క.

ఇప్పుడు బతుకు సంగతి చెప్తాను. టూరిస్టు లాంచీలో పోయి పేరంటాలపల్లి దగ్గర వెదురు పువ్వులు కొనుక్కొచ్చి, 'అబ్బ, ఎంత ప్రశాంతమైన జీవితం' అనేవాళ్లు ఇది చదవాలి.

ఎండాకాలంలో మామిడిపండు తింటారు. టెంక పారెయ్యరు. టెంకలు పగలగొట్టి, లోపలి జీడి తీసి, నీళ్లలో నానేసి చేదు పోగొట్టి, ఎండబెట్టి, దంచి దాస్తారు. వానలు మొదలై, గింజలన్నీ విత్తనానికి పోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢ శ్రావణాల్లో ఆ పిండితో అంబలి కాచుకుంటారు. జీడి సరిగా నానకపోయినా, తడికి బూజు పట్టినా అదే అంబలి విషం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మనిషి నిలవడు. ఆ పిండి కూడా అయిపోతే జీలుగు మాను చీల్చి లోపలి గుజ్జుని దంచుకుంటారు. మనం ఆవకాయ పెట్టుకుని టెంకను చీకి పారేస్తాం. మన పెంటకుప్ప మీద పడేది వాళ్ల కొట్టులో ధాన్యం.

'ఫ్రీ బియ్యం ఇస్తున్నాం కదా' అంటారు. ఇస్తున్నారు, కాదనను. ఎక్కడ ఇస్తున్నారు? కొండ కింద డిపోలో. దిగడానికి పూట, ఎక్కడానికి పూట. వేలిముద్ర మిషన్‌కి సిగ్నల్ దొరికితే బియ్యం, దొరక్కపోతే 'రేపు రా'. వెదురు చీల్చీ చీల్చీ వేలి గీతలు అరిగిపోయిన ముసలావిడ బొటనవేలు మిషన్‌కి ఆనదు. అప్పుడు ఆమె ఉన్నట్టా లేనట్టా? మిషన్ లెక్కన ఆమె లేదు.

రోగమొస్తే డోలీ. కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిషిని వేసుకుని, ముందొకడు వెనకొకడు, మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు. 108 బండి 2005లో వచ్చింది. తారురోడ్డు దాకా వస్తుంది. ఆ తారురోడ్డు దాకా ఎవరు తేవాలి? వాగు పొంగితే డోలీ కూడా ఆగిపోతుంది. నెలలు నిండిన ఆడబిడ్డను డోలీలో మోసుకొచ్చిన వార్త ప్రతి వానాకాలం పేపర్లో ఫోటోతో పడుతుంది. ఫోటో మారుతుంది, వార్త మారదు. మలేరియా జ్వరానికి ఊరు ఊరంతా దుప్పటి కప్పుకుని పడుకున్న రోజున దోమతెరల పంపిణీ విజయవంతమని రిపోర్టు పైకి పోతుంది. ఒక పెద్దమనిషి నాతో అన్నాడు: "సారూ, మా ఊరికి దారి లేదంటారు. గంధపు దొంగకీ, కలప దొంగకీ ఎట్టా దొరికింది సారూ ఆ దారి?" దీనికి జవాబు ఏ ఆఫీసరైనా రాసి పంపితే ఈ పత్రికలోనే వేయిద్దాం.

ఇక బడి. నేను పనిచేసే బడి కొండ కింద, ఏజెన్సీ హద్దుకి ఇవతల ఉంది. కొండ దిగి హాస్టల్‌కి వచ్చిన పిల్లల్ని చూస్తుంటాను. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాళ్లలో నేనే మొదటోణ్ణి. హాస్టల్ పప్పునీళ్లు తాగి చదివినోణ్ణే. కాబట్టి ఆ పిల్లల మొహం చూస్తే నాకు విడిగా చెప్పాల్సిన పని లేదు. 2009 విద్యాహక్కు చట్టం కింద చిన్నపిల్లలకి కిలోమీటరు లోపల బడి ఉండాలి. ఆరేళ్ల పిల్ల వాగు దాటి, అడవి దాటి దిగి రావాలా? 'పిల్లల్ని హాస్టల్లో వెయ్యండి' అంటారు. మీ ఆరేళ్ల బిడ్డను మీరు వేస్తారా?

'వాళ్లకు భాష రాదు, అందుకే చదువు ఎక్కదు' అని స్టాఫ్‌రూముల్లో వింటుంటాను. ఇది పచ్చి అబద్ధం. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. వాళ్ల యాస వేరు. మా మాదిగవాడ యాసని కూడా ఒకప్పుడు ఇట్లాగే 'భాష రాదు' అన్నారు. భాష రానిది బిడ్డకు కాదు, వినే చెవికి.

ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో 3వ నంబరు జీవో తెచ్చారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది. అగ్రహారాల్లో నూటికి నూరు ఎవరుండేవారో, గుళ్లలో నేటికీ నూటికి నూరు ఎవరున్నారో అడిగినోడు లేడు. నేను ఎస్సీని. ఆ జీవో ఉంటే ఏజెన్సీలో నాకు పోస్టు రాదు. అయినా చెప్తున్నాను, ఆ జీవో న్యాయం. కొండ మీద బడికి కొండ దిగిపోని టీచర్ కావాలి. ఆ ఊరి బిడ్డే టీచరైతే వానొచ్చిందని సెలవు పెట్టదు.

ఇప్పుడు పోడు. 'పోడు వల్ల అడవి పోతోంది' అని ఏసీ గదుల్లో కూర్చుని ఏడ్చేవాళ్లున్నారు. సామ, కొర్ర, జొన్న, కంది, చోడి కలిపి చల్లుకుని, నేల అలిసిపోతే పక్కకు జరిగే సేద్యం అది. అడవిని అమ్ముకునే సేద్యం కాదు. వందల ఏళ్లు పోడు కొట్టిన చోట అడవి మిగిలింది. కంట్రాక్టర్లు కూపులు కొట్టిన చోట ఏం మిగిలింది? అడవిని చదును చేసి జామాయిల్ మొక్కలు వరసలు వరసలుగా నాటితే దాన్నీ అడవి అనే లెక్క రాసుకున్నారు. ఇప్పపువ్వు రాలని, తునికాకు కొయ్యని, పిట్ట వాలని అడవి ఎవరికి అడవి? కంది చేను ఆక్రమణ, జామాయిల్ తోట అభివృద్ధి. ఈ తక్కెడ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి.

'చట్టం ఒప్పుకోదు' అనేది వాళ్ల ఆఖరి సాకు. ఏ చట్టం? అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూడమనండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు లైను, మంచినీళ్ల పైపు, రోడ్డు... ఇట్లా 13 రకాల పనులకి ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకుండా అటవీ భూమి ఇవ్వొచ్చు. గ్రామసభ సిఫారసు కావాలి. జిల్లా అటవీ అధికారి సంతకం చాలు. ఢిల్లీకి పోనక్కర్లేదు. సెక్షన్ 3(1)(హెచ్) చూడమనండి. సర్వే కాని ఊళ్లను, అటవీ గ్రామాలను రెవెన్యూ గ్రామాలుగా మార్చుకునే హక్కు అందులోనే ఉంది. 3(1)(ఇ) చూడమనండి. ఆదిమ తెగలకి తమ నివాస ప్రాంతం మొత్తం మీద హక్కుంది. 4(5) చూడమనండి. దరఖాస్తు విచారణ తేలేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట నిబంధనల్లో ఉంది. సాక్ష్యం అంటే కాగితమే కానక్కర్లేదు. ఊరి పెద్దల వాంగ్మూలం రాసుకుంటే సాక్ష్యం. పాత బావి సాక్ష్యం. వల్లకాడు సాక్ష్యం. కొండదేవత రాయి సాక్ష్యం. 'మీకు కాగితం ఉందా' అని గదమాయించే ఆఫీసరుకి 'మా తాత సమాధి ఉంది, వచ్చి చూడు' అని చెప్పొచ్చు. చట్టమే ఆ మాట అనమంది. ఇంతకాలం రాత లేనోళ్లని ఊరు లేనోళ్లని చేశారు కదా, ఆ ఆటకి అక్కడ గండి పడింది. అందుకే ఈ నిబంధన గురించి మనకెవరూ చెప్పరు.

ఇక మన ఇంటి మాట. 'ఆదివాసుల గొడవ మనకెందుకు, మనకున్నవి చాలవా' అని మన సంఘంలోనే కొందరు అంటున్నారు. తమ్ముళ్లారా, ఆలోచించండి. ఏజెన్సీలో భూమి ఆదివాసేతరుడికి పోకూడదని 1959లో చట్టం వచ్చింది. 1970లో 1/70తో దాన్ని గట్టి చేశారు. ఆదివాసేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా ఒకప్పుడు ఆదివాసిదేనని చట్టం మొదటే అనుకోవాలి, కాదంటే అతనే రుజువు చేసుకోవాలి. ఇంత పదునైన చట్టముండగా మంచి మంచి నీటిపారుదల భూములు ఎవరి చేతిలో ఉన్నాయి? మాల మాదిగల చేతిలోనా? బినామీ పేర్లతో, పాలేర్ల పేర్లతో, ఉంచుకున్న ఆడమనిషి పేరుతో పట్టుకున్నది కింద నుంచి వచ్చిన భూస్వాములు. 1/70 రద్దు చెయ్యాలని ధర్నా పెట్టినప్పుడు మాత్రం ముందు వరసలో మనల్ని కూర్చోబెడతారు. 'పేద ఎస్సీలకు అన్యాయం' అని బ్యానరు కడతారు. చట్టం పోతే భూమి ఎవరికొస్తుంది? డబ్బున్నోడికి. మనకు ఆ ధర్నా రోజు పెట్టిన పులిహోర పొట్లమే మిగులుతుంది.

మనకు అన్యాయం జరగలేదని నేననను. జరిగింది. ఎస్సీ, బీసీ పేదలు పోడు హక్కు అడిగితే 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపమంటారు. 1930 నాటి సాక్ష్యం! 1930లో మా తాత పేరు ఏ కాగితంలో ఉంటుంది, దొర అప్పు పుస్తకంలో తప్ప? 2023లో తెలంగాణలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. అందులో ఆదివాసేతర పేదలకు చోటు లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి సల్వాజుడుం మంటలకి పారిపోయొచ్చిన గుత్తికోయలకీ లేదు. అక్కడ ఎస్టీ, ఇక్కడికొస్తే ఎవరూ కాదు. వాళ్ల గుడిసెలు పీకేస్తుంటే 'వలసొచ్చినోళ్లు' అని మనం కూడా పక్కకు తప్పుకుంటున్నాం. అదే గుత్తికోయ పిల్లలు మన మిరపతోటల్లో కాయ కోస్తారు. 2020 లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరపతోటల నుంచి బీజాపూర్‌లోని ఇంటికి కాలినడకన బయల్దేరిన పన్నెండేళ్ల పిల్ల, మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకొంచెం దూరముందనగా ప్రాణం విడిచింది. ఆ మిరపకాయ మన ఇంటి కూరలో కూడా పడుతుంది.

మనల్ని ఊరికి అవతల పెట్టారు. వాళ్లను లెక్కకి అవతల పెట్టారు. పెట్టిన చెయ్యి ఒక్కటే. కారంచేడు 1985లో, చుండూరు 1991లో మనకు నేర్పింది ఏంది? దెబ్బ తిన్నవాళ్లు విడివిడిగా ఏడిస్తే కేసు కట్టడు, కలిసి లేస్తే కడతాడు. మనకూ వాళ్లకూ తగువు పెట్టడమే వాళ్ల రాజకీయం. ఆదివాసి హక్కు తగ్గించి మన హక్కు పెంచమని ఎప్పుడూ అడగొద్దు. మన 75 ఏళ్ల షరతు తీసెయ్యమని అడుగుదాం, వాళ్ల 1/70 అమలు చెయ్యమని అడుగుదాం. రెండూ ఒకే దరఖాస్తులో పెడదాం.

కార్యకర్తలకి పని చెప్పి ముగిస్తాను. ఉపన్యాసాలు చాలు.

ఒకటి: మీ మండలంలో లెక్కకి రాని ప్రతి గూడేనికీ ఇద్దరు చొప్పున నడిచి పోండి. గడపలు, మనుషులు, పిల్లలు, బావులు, వాగులు నోటుబుక్కులో రాయండి. 2021లో జరగాల్సిన జనగణనను 2027కి జరిపారు, ఈసారి కులం కూడా రాస్తామన్నారు. ఆ లెక్కలో ఏ గట్టు తప్పిపోకుండా చూడటం మన పని.

రెండు: గూడెంలోనే గ్రామసభ పెట్టించండి. పంచాయతీ హెడ్‌క్వార్టర్‌లో కాదు. సగం మంది రావాలి, వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది.

మూడు: సేద్యం భూమికి ఫారం ఏ ఒక్కటే నింపి ఆగిపోవద్దు. ఉమ్మడి హక్కులకి ఫారం బి, ఊరి అడవికి ఫారం సి కూడా పెట్టించండి. ప్రతి దానికీ రసీదు అడగండి. రసీదు ఇవ్వకపోతే అక్కడే కూర్చోండి.

నాలుగు: ముసలివాళ్ల మాట ఇప్పుడే రాసుకోండి. ఏ చెట్టు ఎవరు నాటారు, ఏ సమాధి ఎవరిది, ఏ గట్టు మీద ఎన్నిసార్లు పోడు మారింది. వాళ్లు పోతే సాక్ష్యం పోతుంది.

అయిదు: 2023 నవంబరులో 'పీఎం జన్‌మన్' అని ఈ దుర్బల తెగల కోసమే ఢిల్లీ 24 వేల కోట్ల పథకం ప్రకటించింది. ఇళ్లు, రోడ్లు, నీళ్లు, కరెంటు అన్నారు. మన గట్టుకి అందులో ఎంతొచ్చింది, ఏ పనికి పోయిందని సమాచార హక్కు కింద అడగండి. పేరు మీ పేరు పెట్టండి, గూడెపోళ్లది పెట్టొద్దు. పోలీసోడు ముందు మన ఇంటికే రానీ.

ఊరు లేదన్నవాడి టేబుల్ మీద ఆ ఊరి లెక్క పెట్టేదాకా నిద్రపోవద్దు. లెక్క చెప్పాల్సింది గట్టు మీద మనిషి కాదు, కుర్చీలో మనిషి.

జై భీమ్!